రూట్స్ రెగే ఎక్కడ మొదలెట్టాలి? (మార్లే టీషర్టు వేసుకుని దొరికిపోయాను)

రాగి_చెంబు
మొన్న శుక్రవారం ఆఫీసుకి బాబ్ మార్లే టీషర్టు వేసుకెళ్ళాను. కొత్తగా చేరిన కుర్రాడొకడు క్యాంటీన్‌లో పక్కన కూర్చుని "సర్, మీరు రూట్స్ వింటారా, డాన్స్‌హాలా?" అని అడిగాడు. ఏదో నవ్వేసి సాంబార్ తెచ్చుకుంటానని లేచొచ్చా. నిజం ఏంటంటే నాకు 'లెజెండ్' ఆల్బమ్ ఒక్కటే తెలుసు, టీషర్టు గోవాలో 250కి కొన్నది. అసలు రూట్స్ అంటే ఏంటి, మార్లే కాకుండా ఇంకెవరున్నారు, ఎవరైనా ఓపిగ్గా చెప్పండి. యాప్‌లో వెతికితే బీచ్, కొబ్బరిచెట్టు బొమ్మలున్న ప్లేలిస్టులే వస్తున్నాయి. అందుకే మనుషుల్ని అడుగుతున్నా.

బేస్_తీగ
ఆ కుర్రాడు సరిగ్గానే అడిగాడు. జమైకాలో ముందు స్కా, వేగంగా ఉంటుంది. 1966 ప్రాంతంలో అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968 నాటికి రెగే. పాట పేరులో ఆ మాట పెట్టింది టూట్స్ అండ్ ద మేటల్స్, 1968లోనే. రూట్స్ అంటే 70ల్లో వచ్చిన రెగే, రాస్తఫారీ నమ్మకం (ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలిచే జమైకా మతం), ఆఫ్రికా మీద బెంగ, బానిసత్వపు జ్ఞాపకం, కింగ్‌స్టన్ పేటల్లో ఆకలి, పోలీసు దెబ్బలు, ఇవీ అందులో సంగతులు. డాన్స్‌హాల్ 80లది. 1985లో వేన్ స్మిత్ అనే ఆయన ఒక చిన్న కేసియో కీబోర్డులో ముందే ఉన్న తాళం మీద పాట పాడితే ఊరంతా అటే పోయింది, బ్యాండులు పెట్టుకుని వాయించే వాళ్ళకి పని తగ్గింది.

మొదట వినాల్సింది బర్నింగ్ స్పియర్ 'మార్కస్ గార్వీ', 1975. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన నాయకుడు గార్వీ పుట్టిన సెయింట్ ఆన్స్ బే ఊరివాడే ఈయన కూడా. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు ప్లీజ్. బేస్ వినపడకపోతే రెగేలో సగం విననట్టే, నేను బేస్ వాయిస్తా కాబట్టి అంటున్నాననుకోకండి.

నిప్పుకోడి
గంజాయి కొట్టి ఒకే పాటని నలభై రకాలుగా పాడటం. దీనికి ఇంత హిస్టరీ అక్కర్లేదు బ్రదర్.

బేస్_తీగ
ఒకే పాట కాదు, ఒకే బాణీ. బేస్, డ్రమ్ కలిసిన ఆ మూలాన్ని వాళ్ళు రిద్దిమ్ అంటారు. ఒక రిద్దిమ్ మీద ఎవరికి వాళ్ళు తమ మాటలు కట్టుకుని పాడతారు. తెలిసిన వరసలో కొత్త మాటలు పెట్టి పాడటం మనకేమన్నా కొత్తా? పెళ్ళిపాటలన్నీ ఏంటి మరి?

తకధిమి
నాకొక సందేహం. నేను మృదంగం నేర్చుకున్నా (ఆరేళ్ళు, తర్వాత ఇంజనీరింగ్ మింగేసింది). రెగేలో సమం దగ్గర ఏదో పడాల్సింది పడట్లేదనిపిస్తుంది. మన అనాగతంలాంటిదా అది?

బేస్_తీగ
మంచి ప్రశ్న, కానీ కాదు. అనాగతం అంటే తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం కదా, ఇక్కడ తాళం వేసేవాడే మొదటి దెబ్బ మానేస్తాడు. నాలుగు లెక్కపెట్టండి. ఒకటి దగ్గర డ్రమ్ ఖాళీ. రెండు, నాలుగు దగ్గర గిటార్ "చక్" అని కోసినట్టు పడుతుంది, మూడు దగ్గర పెద్ద డ్రమ్మూ, పక్క డ్రమ్ అంచు మీద కర్రా కలిసి పడతాయి. దీన్ని వన్ డ్రాప్ అంటారు. ఇందులో గొప్పవాడు మార్లే బ్యాండు వెయిలర్స్ డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్. బేస్ వాయించింది వాళ్ళన్న ఆస్టన్, అందరూ 'ఫ్యామిలీ మ్యాన్' అనేవారు. ఆ అన్నదమ్ముల్ని తీసేస్తే మార్లే చేతిలో గిటారూ మంచి గొంతూ మిగులుతాయి అంతే. కార్ల్‌టన్‌ని 1987లో కింగ్‌స్టన్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. ఫ్యామిలీ మ్యాన్ 2024లో పోయారు.

అన్నీ వన్ డ్రాప్ కాదు. నాలుగు దెబ్బలకీ పెద్ద డ్రమ్ పడితే స్టెపర్స్, 'ఎక్సోడస్' పాట అదే. దండు నడిచినట్టు ఉంటుంది.

తకధిమి
ఇప్పుడే ఒకటి దగ్గర చేయి ఆపి వేసి చూశా. చేయి దానంతటదే పడిపోతోంది. ఆరేళ్ళ అలవాటు!

కాకినాడ_క్యాసెట్
అందరూ మార్లే మార్లే అంటున్నారు, మా తరానికి రెగే పరిచయమైంది మార్లే వల్ల కాదు, బోనీ ఎమ్ వల్ల. 80ల్లో కాకినాడలో టేప్ రికార్డర్ ఉన్న ప్రతి ఇంట్లో ఆ క్యాసెట్ ఉండేది. 'రివర్స్ ఆఫ్ బ్యాబిలోన్' వాళ్ళ సొంత పాట అనుకునేవాడిని, చాలా ఏళ్ళకి తెలిసింది అది జమైకాలో మెలోడియన్స్ అనే ముగ్గురి బృందం 1970లో పాడినదని. బోనీ ఎమ్ వాళ్ళు 1978లో తీసుకున్నారు.

పాట మాటలు చాలామటుకు బైబిల్లో 137వ కీర్తన. బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును తలుచుకుని ఏడ్చిన బందీల పాట. మెలోడియన్స్ అందులో రాస్తఫారీ మాటలు కలిపారు. కీర్తనలో దేవుని పాట అన్న చోట 'కింగ్ ఆల్ఫా' పాట అన్నారు, అంటే వాళ్ళ చక్రవర్తి హైలే సెలాసీ, ఇంకోచోట 'ఫారై' అన్నారు, అదీ ఆయనే. బోనీ ఎమ్ ఆ రెండింటినీ తీసి, ఒకచోట మళ్ళీ 'లార్డ్' అని, రెండో చోట 'ఈ రాత్రి ఇక్కడ' అని పెట్టారు. ఏమీ గుచ్చుకోకుండా డిస్కోకి సరిపోయింది. మెలోడియన్స్ పాడినదాంట్లో బబులోను అంటే ఎప్పటిదో ఇరాక్ కాదు, తమని ఓడల్లో తెచ్చినవాళ్ళు, ఆ తర్వాత లాఠీ పట్టుకున్నవాళ్ళు. ఆ సంగతి తెలిశాక ఆ రెండు రికార్డులూ నాకు ఒకే పాటలా వినపడలేదు.

రాగి_చెంబు
వామ్మో. మా అమ్మ చర్చికి వెళ్తుంది, ఆ కీర్తన మొత్తం నోటికి వచ్చు. మెలోడియన్స్‌ది ఇంట్లో పెట్టి చూస్తా.

బేస్_తీగ
క్యాసెట్ అన్న చెప్పినలాంటిదే 'లెజెండ్' కథ కూడా. 1984, మార్లే పోయిన మూడేళ్ళకి, తెల్లవాళ్ళ మార్కెట్ చూసుకుని ఏరిన పాటలు. మార్లే ఆల్బమ్‌లన్నిట్లో కోపం ఎక్కువున్నది 'సర్వైవల్', 1979. అట్ట మీద ఆఫ్రికా దేశాల జెండాలు, పేరు వెనకాల బానిసల ఓడలో మనుషుల్ని అగ్గిపుల్లల్లా పేర్చిన పటం. అందులోంచి 'లెజెండ్'లోకి ఒక్క పాట తీసుకోలేదు. ఒక్కటి.

నిప్పుకోడి
'గెట్ అప్ స్టాండ్ అప్' ఉంది కదా అందులో? 'రిడెంప్షన్ సాంగ్' ఉంది కదా? మీకు కావాల్సినట్టు చెప్పకండి.

బేస్_తీగ
ఉన్నాయి, ఒప్పుకుంటా. 'రిడెంప్షన్ సాంగ్'లో మనసుకున్న సంకెళ్ళ గురించిన ముక్క 1937లో గార్వీ కెనడాలో ఇచ్చిన ఉపన్యాసంలోది, అది కూడా ఆ ఆల్బమ్ కొన్న కోట్ల మంది విన్నారు. విన్నారు కానీ గార్వీ ఎవరో ఎంతమంది అడిగారు అన్నది వేరే సంగతి. ఇంకోటి, 1973లో వచ్చిన మార్లే ఆల్బమ్ 'క్యాచ్ ఎ ఫైర్' టేపులు లండన్ వెళ్ళాక ఐలండ్ రికార్డ్స్ క్రిస్ బ్లాక్‌వెల్ దాని మీద ఒక అమెరికా గిటారిస్టుతో రాక్ గిటార్ ఎక్కించాడు. అలా చేయకపోతే మనదాకా వచ్చేది కాదేమో కూడా. నేను బ్లాక్‌వెల్‌ని తిట్టలేను, పూర్తిగా మెచ్చుకోనూ లేను.

పచ్చిమిర్చి
ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ సంగతి చెప్పరేం? 1974లో మార్లే పాట 'ఐ షాట్ ద షెరిఫ్' పాడి అమెరికాలో నంబర్ వన్ కొట్టాడు. రెండేళ్ళకి 1976లో బర్మింగ్‌హామ్‌లో స్టేజీ మీద తాగి, ఇంగ్లండ్‌లోంచి నల్లవాళ్ళని పంపించేయాలని వాగాడు. ఆ మాటలకి ఒళ్ళు మండి కొందరు మొదలెట్టిందే 'రాక్ అగైన్‌స్ట్ రేసిజం'. అందులో పంక్ బ్యాండులూ రెగే బ్యాండులూ ఒకే స్టేజీ ఎక్కాయి. బర్మింగ్‌హామ్‌లోనే హ్యాండ్స్‌వర్త్ పేట కుర్రాళ్ళు స్టీల్ పల్స్, వాళ్ళ 'హ్యాండ్స్‌వర్త్ రెవల్యూషన్' 1978లో వచ్చింది. అదే పేటలో పెరిగిన పంజాబీ అబ్బాయి అపాచీ ఇండియన్, ఆయన రెహమాన్ దగ్గర 'లవ్ బర్డ్స్' అనే తమిళ సినిమాలో 'నో ప్రాబ్లం' పాడాడు. అది రూట్స్ కాదనుకోండి, కానీ తీగ లాగితే మద్రాసు దాకా వచ్చింది.

రాగి_చెంబు
నో ప్రాబ్లం! స్కూల్ యానివర్సరీలో దానికి డాన్స్ చేశాను నేను. ఆ వీడియో లేదు, అడగొద్దు.

హవాస్సా_మాస్టారు
ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేను 2010 నుంచి నాలుగేళ్ళు ఇథియోపియాలో హవాస్సాలో లెక్కలు చెప్పాను. అప్పట్లో అక్కడి యూనివర్సిటీల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామందే ఉండేవాళ్ళు. హవాస్సా నుంచి మినీబస్సులో పాతిక కిలోమీటర్లు వెళ్తే షాషమానే. 1948లో హైలే సెలాసీ, ఆఫ్రికాకి తిరిగొద్దామనుకునే పడమటి నల్లవాళ్ళకోసం అక్కడ భూమి ఇచ్చాడు. జమైకా రాస్తాలు వచ్చి స్థిరపడ్డది అక్కడే. ఊళ్ళోవాళ్ళు ఆ వీధుల్ని 'జమైకా సెఫెర్' అంటారు, సెఫెర్ అంటే పేట.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పెద్ద పుణ్యక్షేత్రంలా ఊహించుకున్నా. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగు గేట్లు కొన్ని, మట్టి రోడ్డు, గుర్రబ్బండ్లు. ఒక పెద్దాయన జడలు నడుందాకా, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. మాకిచ్చిన భూమిలో ఎక్కువ భాగం పోయింది అన్నాడు. 1974లో సైన్యం చక్రవర్తిని దించేసింది, మరుసటేడు పల్లెల్లో భూములన్నీ ప్రభుత్వపరం చేసింది. పాపం వీళ్ళు దేవుడని నమ్మి సముద్రాలు దాటి వస్తే, ఆ దేవుణ్ణే పదవిలోంచి తీసేశారు. తర్వాతైనా దశాబ్దాల పాటు పౌరసత్వం లేదు, అక్కడ పుట్టిన పిల్లలకి కూడా ఇబ్బందే. గుర్తింపు కార్డులిస్తామని ప్రభుత్వం చెప్పింది 2017లో, నేను వచ్చేశాక.

ఇంకా కష్టమైన సంగతి, మా క్లాసులో ఒరోమో జాతి కుర్రాళ్ళు ఆ చక్రవర్తి పేరెత్తితే ముఖం చిట్లించేవాళ్ళు. వాళ్ళ తాతల భూములు పోయింది ఆ రాజుల కాలంలోనే. ఉత్తరాన వొల్లో ప్రాంతంలో 1973 నాటి కరువులో జనం చస్తుంటే దర్బారు దాచిపెట్టింది అన్నది అక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. కానీ అదే కుర్రాళ్ళు సాయంత్రం హాస్టల్లో మార్లే పాటలు పెట్టుకునేవాళ్ళు. అడిగితే "పాట మంచిది సార్, రాజు సంగతి వాళ్ళకి తెలీదు" అన్నాడొకడు.

నిప్పుకోడి
ఇదే కదా నేను చెప్పేది. ఒక నియంతని దేవుణ్ణి చేసి పాడుకున్నారు.

హవాస్సా_మాస్టారు
అంత తేలిగ్గా కొట్టేయకు బాబూ. 1930లో ఆయనకి పట్టాభిషేకం జరిగినప్పుడు జమైకా బ్రిటిష్ వాళ్ళ కింద ఉంది. బడిలో, గుడిలో, పేపర్లో రాజన్నా దేవుడన్నా తెల్లటి ముఖమే. అప్పుడు ఆఫ్రికాలో ఒక నల్లరాజుకి కిరీటం పెడుతుంటే ప్రపంచ దేశాల ప్రతినిధులు వచ్చి వంగి నిలబడ్డ ఫోటోలు పేపర్లలో వచ్చాయి. చెరుకు తోటల్లో పనిచేసినవాళ్ళ మనవలకి అది ఎలా ఉంటుందో ఆలోచించు. రాస్ అంటే దొర, తఫారీ ఆయన అసలు పేరు, అంతే. 1966 ఏప్రిల్ 21న ఆయన జమైకా వస్తే విమానాశ్రయంలో జనం కంచెలు దాటి విమానం దాకా వచ్చేశారు, ఆయన చాలాసేపు కిందకి దిగలేకపోయాడు, మార్టిమర్ ప్లానో అనే రాస్తా పెద్ద పైకెళ్ళి దారి చేయించాడు. అంతదాకా పోలీసులు జడలు పట్టుకుని కత్తిరించి పంపే మనుషులు ఆ రోజు ప్రభుత్వ విందులో కూర్చున్నారు.

నేను ఆ రాజుని సమర్థించట్లేదు. ఆయనలో వాళ్ళు చూసుకున్నదేమిటో చెప్తున్నా.

పచ్చిమిర్చి
మాస్టారూ, బాగా చెప్పారు. నేను ఇంకో పక్క కూడా పెడతా. రాస్తా ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంగతి అంత మురిసిపోయేలా లేదు. తల కప్పుకోవాలి, మగవాడే 'కింగ్ మ్యాన్', బోబో శాంతి అనే శాఖలో నెలసరిలో వేరే ఉండాలి. మనకి బాగా తెలిసిన కథే. మార్లే వెనకాల పాడిన ఐ త్రీస్ ముగ్గురూ, రీటా మార్లే, మార్షియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్, ఎవరికి వాళ్ళే సొంత గాయనులు. జూడీ మోవాట్ 'బ్లాక్ ఉమన్' 1979లో వచ్చింది, ఈ థ్రెడ్‌లో ఇంతమంది ఇన్ని పేర్లు చెప్పారు, ఆమెని ఒక్కరూ తలవలేదు. నేను ముందే అనుకున్నా.

బేస్_తీగ
తప్పయింది. నిజంగానే మంచి ఆల్బమ్.

అడ్మిన్_2
గంజాయి ఎక్కడ దొరుకుతుంది అని అడిగిన రెండు పోస్టులు తీసేశాను. అల్లూరి జిల్లా పేరు ఎత్తిన పోస్టు కూడా. మూడోది పెడితే అకౌంట్ పోతుంది.

కాకినాడ_క్యాసెట్
అడ్మిన్ గారూ, ఆ మాట గురించి చరిత్ర చెప్పొచ్చా? జమైకాలో దాన్ని 'గాంజా' అనే అంటారు, అచ్చంగా మన మాట. 1838లో బానిసత్వం పూర్తిగా పోయాక తోటల్లో పనికి మనుషులు దొరక్క బ్రిటిష్ వాళ్ళు ఇండియా నుంచి ఒప్పంద కూలీల్ని తెచ్చారు. మొదటి ఓడ 1845 మే 10న ఓల్డ్ హార్బర్ బే చేరింది, 1917 దాకా 36 వేల మంది దాకా వెళ్ళారు, ఎక్కువగా అవధ్, భోజ్‌పూర్ వైపు వాళ్ళు. మాటా, మొక్కా వాళ్ళతోనే వెళ్ళాయి. చిలుం కూడా. 1913లో అక్కడ దాన్ని నిషేధించారు, 2015లో కొద్ది పరిమాణం దగ్గర ఉంటే నేరం కాకుండా చేశారు.

నాకు ఇంకా తమాషాగా అనిపించింది ఏంటంటే, రాస్తఫారీ మొదటి బోధకుల్లో ఒకడైన లియోనార్డ్ హోవెల్ 30ల్లో తన పుస్తకం మీద వేసుకున్న పేరు 'గంగున్‌గురు మరాగ్'. గట్టిగా చదవండి. గురు మహరాజ్! ఆయన్ని జనం 'గాంగ్' అనేవాళ్ళు, మార్లే 'టఫ్ గాంగ్' అక్కడినుంచే వచ్చిందంటారు. జడల సంగతి మాత్రం తేలదు. మన సాధువుల్ని చూసి అని కొందరు, బైబిల్లో నాజీరు వ్రతం, తలకి కత్తి తగలకూడదన్న నియమం అని కొందరు, కెన్యా మౌమౌ యోధుల ఫోటోలు చూసి అని ఇంకొందరు. వాట్సాప్‌లో తిరిగే "రాస్తాలందరూ శివభక్తులే" పోస్టుని దయచేసి ఇక్కడ వేయకండి.

నిప్పుకోడి
అది వేద్దామనే కాపీ చేసి పెట్టుకున్నా 😄

ఎబేన్_నుంచి
మారిషస్ నుంచి. ఉద్యోగం మీద వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడ మన తెలుగువాళ్ళు 19వ శతాబ్దంలో చెరుకు తోటలకి వచ్చినవాళ్ళ సంతతి, ఉగాది చేస్తారు, బళ్ళో తెలుగు ఉంది. కానీ నేను చెప్పదలచుకున్నది సెగ్గే గురించి. సెగా అనేది ఇక్కడి ఆఫ్రికా బానిసల పాట, దానికి రవాన్ అనే మేకతోలు వాయిద్యం, గుండ్రంగా వెడల్పుగా ఉంటుంది, వాయించేముందు డప్పు కాచినట్టే మంట దగ్గర కాస్తారు. నేను మొదటిసారి సముద్రం ఒడ్డున అది చూసి ఊళ్ళో ఉన్నాననుకున్నా. ఆ సెగానీ రెగేనీ కలిపి సెగ్గే చేసిన క్రియోల్ గాయకుడు కాయా (మార్లే ఆల్బమ్ పేరే పెట్టుకున్నాడు). 1999 ఫిబ్రవరిలో గంజాయి మీద కేసులు వద్దని జరిగిన సభలో పాడి, అక్కడే తాగాడని అరెస్టు చేశారు. 21వ తేదీన లాకప్‌లో చనిపోయి ఉన్నాడు. ద్వీపం నాలుగు రోజులు తగలబడింది, క్రియోల్‌లకీ హిందువులకీ మధ్య గొడవగా కూడా మారింది. మా ఆఫీసులో, అప్పటికి పదేళ్ళ వయసున్న తెలుగావిడ ఒకరు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది. ఆమె దగ్గర కాయా పాటలన్నీ ఉన్నాయి.

2018 నవంబరులో జమైకా రెగేని యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టిన సమావేశం జరిగింది ఇక్కడే, పోర్ట్ లూయీలో. కాయా లాకప్‌లో పోయిందీ ఈ ఊళ్ళోనే.

తకధిమి
ఆ రెండో సంగతి చదివి కాసేపు ఆగిపోయా.

వెన్నముద్ద
గద్దర్ పాటకీ రెగేకీ పోలిక ఎవరూ తేలేదేంటి? అదీ డప్పూ, గోచీ, జనం...

పచ్చిమిర్చి
ఎవరో ఒకరు తెస్తారని చూస్తున్నా. పోలిక ఉంది, కానీ ప్రతి దేశపు పాటకీ గద్దర్‌ని కట్టేస్తే రెండూ అర్థం కావు. గద్దర్ పాటకి ముందు పార్టీ, సిద్ధాంతం ఉన్నాయి. మార్లే 1978 ఏప్రిల్లో కింగ్‌స్టన్ స్టేజీ మీద చేసింది ఏంటంటే, ఒకరి మనుషుల్ని ఒకరు కాల్పించుకుంటున్న ప్రధాని మ్యాన్లీనీ, ప్రతిపక్ష నాయకుడు సియాగానీ ఇద్దర్నీ పైకి పిలిచి చేతులు కలిపి పట్టుకోవడం. అంతకు ఏడాదిన్నర ముందే ఆయన ఇంట్లోకొచ్చి ఆయన్నే కాల్చారు, రెండ్రోజులకి కట్టుతోనే స్టేజీ ఎక్కాడు. ఆ చేతులు కలిపాక హత్యలు ఆగాయా అంటే లేదు, 1980 ఎన్నికల్లో వందలమంది పోయారు. పాటకి ఎంత బలముందో, ఎంత లేదో ఆ ఒక్క ఫోటోలో కనిపిస్తుంది.

హవాస్సా_మాస్టారు
జింబాబ్వే మరిచారు. 1980 ఏప్రిల్లో స్వాతంత్ర్యం రాత్రి మార్లే సొంత డబ్బుతో సామాన్లు తెచ్చుకుని పాడాడు. పాట మధ్యలో బయట గేటు దగ్గర జనాన్ని ఆపడానికి పోలీసులు బాష్పవాయువు వదిలితే స్టేజీ దాకా వచ్చింది. లోపలికి రానివ్వని మామూలు జనం కోసం మర్నాడు మళ్ళీ పాడాడు. దక్షిణాఫ్రికాలో లక్కీ డ్యూబే 1984లో రెగే మొదలెడితే మొదటి రికార్డునే నిషేధించారు. మా హవాస్సా మార్కెట్లో మార్లే తర్వాత ఎక్కువ వినపడింది ఆయనే.

బేస్_తీగ
డబ్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే. రికార్డుకి రెండో వైపు గొంతు లేకుండా సంగీతం ఒక్కటే పెట్టేవాళ్ళు, వెర్షన్ అనేవాళ్ళు. వీధిలో పెద్ద పెద్ద పెట్టెలు పేర్చిన సౌండ్ సిస్టమ్ దగ్గర దాని మీద ఎవరో ఒకరు మైకు పట్టుకుని మాటలు విసిరేవారు. ఈ అలవాటునే కింగ్‌స్టన్‌లో పుట్టిన కూల్ హెర్క్ న్యూయార్క్ బ్రాంక్స్‌కి తీసుకెళ్ళాడు, 1973 ఆగస్టులో వాళ్ళ చెల్లెలు పెట్టిన పార్టీలో. హిప్‌హాప్ పుట్టినరోజు అంటూ చేసుకునేది అదే.

కింగ్ టబ్బీ అసలు ఎలక్ట్రానిక్స్ రిపేరు మనిషి. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, ఆంప్లిఫయర్లు కట్టేవాడు. వాటర్‌హౌస్ పేటలో వాళ్ళింట్లోనే చిన్న స్టూడియో, బ్యాండ్ పట్టేంత చోటు కూడా లేదు. వేరేచోట రికార్డయిన టేపు తెచ్చి అక్కడ గొంతు తీసేసి, గిటార్ తీసేసి, డ్రమ్ మీద ప్రతిధ్వని పెట్టి, హఠాత్తుగా గొంతు ఒక్క ముక్క వదిలి మళ్ళీ మింగేసేవాడు. మిక్సింగ్ బల్లనే వాయిద్యంగా వాయించాడు. ఇవాళ సినిమా పాటలో రీమిక్స్ అనే ప్రతిదానికీ ఆయన తాత లెక్క. ఆగస్టస్ పాబ్లో ఊదే మెలోడికాతో కలిసి చేసినవి వినండి. మెలోడికా అంటే పిల్లలు ఊదుతూ వాయించే చిన్న కీబోర్డు, ఆయన చేతిలో అది ఏడుస్తుంది. టబ్బీని కూడా 1989లో ఇంటి బయట కాల్చేశారు.

నాకు ఎప్పుడూ అనిపించేది, ఈ సంగీతంలో తీసేయడమే అసలు పనితనం. డ్రమ్మర్ ఒకటో దెబ్బ తీసేస్తాడు, టబ్బీ గొంతు తీసేస్తాడు. బోనీ ఎమ్ కూడా తీసేసింది, 'లెజెండ్' కూడా తీసేసింది. మొదటి ఇద్దరూ తీసేసిన చోట మనకి కూర్చోడానికి జాగా దొరుకుతుంది.

కాకినాడ_క్యాసెట్
వీళ్ళెవరికీ డబ్బులు సరిగా రాలేదు అన్నది కూడా రాయండి. జమైకాలో సరైన కాపీరైట్ చట్టం వచ్చింది 1993లో. అబిస్సీనియన్స్ 'సత్తా మస్సగానా' 1969లో స్టూడియో వన్‌లో తమ డబ్బుతో పాడి పెడితే, ఇది అమ్ముడుపోదని యజమాని కాక్సన్ డాడ్ మూలన పడేశాడు. రెండేళ్ళకి వాళ్ళే టేపు కొనుక్కుని సొంత లేబుల్ మీద వేసుకున్నారు. అమ్హరిక్ నేర్చుకుని మరీ కట్టిన పాట అది, ఆ రిద్దిమ్ మీద తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి.

రాగి_చెంబు
వారం తర్వాత రిపోర్టు. నాన్నగారి పాత స్పీకర్లు అటక మీంచి దింపి తుడిచి పెట్టా. ముందు మెలోడియన్స్. వంటింట్లోంచి అమ్మ వచ్చి "ఇది నూట ముప్పై ఏడు కదరా" అంది. మెల్లగా కూడా పాడింది. ఆ తర్వాత "మధ్యలో ఈ ఫారై ఎవరు?" అని అడిగింది. కూర్చోబెట్టి మాస్టారు రాసిందంతా చెప్పా. మొత్తం విని, "రాజుల్ని నమ్ముకోవద్దని నూట నలభై ఆరులో ఉంది, అది చదవలేదా వాళ్ళు?" అని మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్ళిపోయింది.

'సత్తా' రాత్రి పెట్టా. కింద ఇంటివాళ్ళు ఫోన్ చేసి గిన్నెలు కదులుతున్నాయి అన్నారు. బేస్ అన్నా, ఇప్పుడర్థమైంది.

బేస్_తీగ
గిన్నెలు కదిలితే సరిగ్గా పెట్టినట్టే. ఇక లీ పెర్రీ దగ్గరికి వెళ్ళు. ఇంటి పెరట్లో 1973లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్ స్టూడియో, నాలుగు ట్రాకుల టేపు మిషను. నిండిన నాలుగింటినీ కలిపి ఒకదాంట్లో కుక్కి మళ్ళీ మీద ఎక్కించేవాడు, అందుకే ఆ రికార్డుల్లో అంతా నీళ్ళలోంచి వినపడినట్టుంటుంది. 1977లో చేసిన 'హార్ట్ ఆఫ్ ద కాంగోస్' విను. మధ్యలో ఆవు అరిచినట్టు వినిపిస్తుంది, స్పీకర్ పాడైందనుకోకు, ఆయన పెట్టిందే. అంత మంచి ఆల్బమ్‌ని ఐలండ్ వాళ్ళు వేయలేదు.

పచ్చిమిర్చి
జూడీ మోవాట్ విన్నారా లేదా అది చెప్పండి ముందు.

రాగి_చెంబు
విన్నానండీ, రెండుసార్లు. అమ్మకి కూడా నచ్చింది, దాని మీద వ్యాఖ్యానం ఏమీ చేయలేదు.

ఇంకో సంగతి. నిన్న అదే టీషర్టు వేసుకుని ఆ కుర్రాడి బల్ల దగ్గరికి నేనే వెళ్ళా. "మొన్న అడిగావు కదా, రూట్సే" అన్నా. "ఏ ఆల్బమ్ సర్?" అన్నాడు. 'హార్ట్ ఆఫ్ ద కాంగోస్' అన్నా. కాసేపు గోడకేసి చూసి, "నేను వినలేదు సర్, నాకు 'లెజెండే' తెలుసు" అన్నాడు.